నెత్తురు పరీక్ష ఎంతవరకు చెబుతుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం. సంచిక కోసం కొద్దిగా సవరించి రాసినది.)



మన కార్యదర్శి గారు రెండు నెలల కింద ఫోన్ చేసి, "కరెంటు గురించి ఏదైనా మాట్లాడరా, సోలార్ గురించైతే ఇంకా మంచిది" అన్నారు. ఆయన నాకు నాలుగేళ్లు సీనియర్, రా అనే హక్కుంది. నేను అండాశయ క్యాన్సర్‌కి చేసే రక్తపరీక్షల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "పండగ పూట ఆ మాటెందుకురా" అన్నారు. మళ్లీ ఆయనే, "అక్క గురించా?" అన్నారు. అవునన్నాను. "సరే, ఇరవై నిమిషాలు తీసుకో" అన్నారు.

మా అక్క మీలో చాలామందికి తెలుసు. 1978లో ఇక్కడే పదో తరగతి పాసైంది. ఖోఖో జట్టు కెప్టెన్. ఆమె పేరు నేను ఇక్కడ చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు పేరుతో పనిలేదు. 2016లో ఆమెకు ఈ జబ్బు బయటపడింది. 2020లో పోయింది. ఆ నాలుగేళ్లలో ఆమె రిపోర్టుల ఫైలు మోసినవాడిని నేను. అందులోని అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు అని ఇంజనీరు బుద్ధితో కూర్చుని చదివాను. నేను డాక్టర్ని కాను. అందుకని ఈ కాగితాలన్నీ మా బ్యాచ్ డాక్టరమ్మకు ముందే ఇచ్చాను. ఆమె ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగిచ్చింది. ఆమె అదిగో, కుడివైపు మూడో వరుసలో ఉంది.

ముందు నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే నేను ఈ విషయాన్ని ఎందుకిలా చూస్తున్నానో మీకు అర్థం కాదు. ముప్పై ఏళ్లుగా నా పని సబ్‌స్టేషన్లలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను చూసుకోవడం. ఆ పెద్ద ఇనప తొట్టి నిండా నూనె ఉంటుంది. లోపల ఏదైనా వేడెక్కినా, నిప్పురవ్వ రాలినా నూనె కొద్దికొద్దిగా విరిగి వాయువులు పుడతాయి, అవి నూనెలోనే కరిగి ఉంటాయి. మేం గాజు సిరంజితో నూనె తీసి ల్యాబుకు పంపిస్తాం. హైడ్రోజన్ ఎంత, ఎథిలీన్ ఎంత, ఎసిటిలీన్ ఎంత అని వాళ్లు లెక్కగట్టి పంపుతారు. ఎసిటిలీన్ ఉందంటే లోపల ఎక్కడో ఆర్క్ కొట్టిందని అర్థం. తొట్టి విప్పకుండా, కరెంటు ఆపకుండా లోపలి రోగం పసిగట్టే పద్ధతి ఇది. సిరంజి, శాంపిల్, రిపోర్టు: ఆస్పత్రికీ మాకూ పెద్ద తేడా లేదు.

అయితే కొత్తగా చేరిన కుర్రాళ్లకు మేం మొదట నేర్పేది ఒకటుంది. ఒక్క రిపోర్టు చూసి గాభరా పడొద్దు, పాత రిపోర్టు పక్కన పెట్టి చూడు. 60 అనే అంకె ఐదేళ్లుగా 60గానే ఉంటే ఒక కథ, పోయిన నెల 10 ఉండి ఇప్పుడు 60 అయితే ఇంకో కథ. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు కదా, మా దగ్గర ఆ సామెత పనిచేయదు. ఈ జబ్బు దగ్గర కూడా పనిచేయదు.

ఇక అసలు విషయం. అండాశయ క్యాన్సర్‌కి అందరికీ తెలిసిన రక్తపరీక్ష సీఏ-125. 1981లో అమెరికాలో, బోస్టన్‌లోని డానా-ఫార్బర్ సంస్థలో రాబర్ట్ బాస్ట్ అనే వైద్యుడి బృందం ఈ క్యాన్సర్ కణాలకు అతుక్కునే యాంటీబాడీ కోసం వెతికింది. వరసగా చేసిన ప్రయత్నాల్లో 125వది పనికొచ్చింది. ఆ 125 అలా వచ్చిందే, అందులో ఇంకే గూఢార్థం లేదు. ఆ యాంటీబాడీ పట్టుకునేది మన శరీరంలో ఉండే ఒక పెద్ద ప్రొటీన్‌ని. కడుపు లోపలి పొరల కణాలు, గర్భాశయం లోపలి కణాలు కూడా దాన్ని కొంత తయారుచేస్తాయి. 1983లో వాళ్లే రక్తంలో దాన్ని కొలిచే పరీక్ష ప్రకటించారు. 35 యూనిట్ల దగ్గర గీత గీశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 1 శాతం మందికి ఆ గీత దాటింది. క్యాన్సర్ కాని ఇతర జబ్బులున్నవాళ్లలో 6 శాతం మందికి, అండాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లలో 82 శాతం మందికి దాటింది. నలభై ఏళ్ల తర్వాత కూడా ల్యాబు రిపోర్టులో కుడిపక్కన "35 లోపు" అని అచ్చయ్యేది ఆ గీతే.

82 శాతం అనగానే బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. కానీ ఆ 82లో ఎక్కువమంది జబ్బు ముదిరినవాళ్లు. జబ్బు అండాశయంలోనే ఉన్న మొదటి దశలో చూస్తే సుమారు సగం మందికే ఈ అంకె పెరుగుతుంది. మిగతా సగానికి రిపోర్టు "నార్మల్". అంటే ఎప్పుడు కనిపెడితే ఎక్కువ ఉపయోగమో అప్పుడే ఇది నోరు మెదపదు.

ఇంకోవైపు క్యాన్సర్ లేకుండా కూడా పెరుగుతుంది. నెలసరిలో పెరుగుతుంది, గర్భిణికి పెరుగుతుంది, గర్భాశయంలో గడ్డలున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, లివర్ చెడినా, గుండె బలహీనపడినా పెరుగుతుంది. మన దేశంలో ముఖ్యంగా చెప్పాల్సింది కడుపు క్షయ. పొట్టలో నీరు చేరి, బరువు తగ్గి, సీఏ-125 వందల్లోకి, ఒక్కోసారి వెయ్యి దాటి పోతుంది. స్కానింగులో కూడా క్యాన్సర్‌లాగే కనిపించవచ్చు. ముక్క తీసి పరీక్షిస్తే టీబీ అని తేలుతుంది, మందులతో నయమవుతుంది. ఆ అంకె ఒక్కటే చూసి ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టిన కుటుంబాలున్నాయని డాక్టరమ్మ చెప్పింది.

మరి దశ సంగతేమిటి? ఈ ప్రశ్న మా బావగారు నన్ను వందసార్లు అడిగారు: "అంకె ఇంతుంది కదా, ఎన్నో స్టేజి?" దశ అంటే జబ్బు ఎంతవరకు పాకిందనే చిరునామా. అండాశయాల్లోనే, లేదా అండవాహికల్లోనే ఉంటే ఒకటి. పొత్తికడుపు గిన్నెలోకి దిగితే రెండు. పై పొట్ట పొరల మీదకో లింఫు గ్రంథుల్లోకో పోతే మూడు. ఊపిరితిత్తుల పొరల్లో నీటిలోనో, లివర్ లోపలో, ఇంకా దూరంగానో ఉంటే నాలుగు. ఇది చూసి చెప్పాలి. స్కాన్ కొంత చూపిస్తుంది, పొట్ట తెరిచిన సర్జన్ కన్ను, పాథాలజిస్టు సూక్ష్మదర్శిని మిగతాది చూపిస్తాయి. రక్తంలోని అంకె జబ్బు మొత్తం మీద ఎంత ఉందో సుమారుగా చెప్పవచ్చేమో గాని ఎక్కడుందో చెప్పలేదు. పైగా క్యాన్సర్ రకాన్ని బట్టి మారుతుంది. సీరస్ రకం ఈ ప్రొటీన్‌ని కుమ్మరిస్తుంది. మ్యూసినస్ రకం పెద్ద గడ్డయినా చాలాసార్లు అంకె పెద్దగా పెరగదు. అందుకే 90 ఉన్న ఒకావిడ మూడో దశలోను, 400 ఉన్న ఇంకొకావిడ మొదటి దశలోను ఉండవచ్చు.

జపాన్‌లో టోక్యోలోని జికెయ్ వైద్య విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ఒక పని చేశారు. ఇంజనీరుగా నాకది బాగా నచ్చింది. 334 మంది అండాశయ క్యాన్సర్ రోగులు, 101 మంది మామూలు గడ్డలున్నవాళ్లు. ఆపరేషన్‌కి ముందు అందరికీ చేసే సాధారణ రక్తపరీక్షల్లోంచి, వయసుతో సహా 32 అంకెలు తీసుకుని కంప్యూటర్‌కి నేర్పారు. ఇది క్యాన్సరా, మామూలు గడ్డా అన్న ప్రశ్నకు యంత్రం 92 శాతం సరిగ్గా చెప్పింది. తొలి దశా, ముదిరిన దశా అని అడిగితే 69 శాతమే. అంటే పది మందిలో ముగ్గురి విషయంలో తప్పు. అదే యంత్రం, అవే 32 అంకెలు, అంత లెక్క చేసినా దశ దగ్గరికి వచ్చేసరికి తడబడింది. నా దృష్టిలో ఆ పరిశోధనలో అన్నిటికంటే నిజాయితీగల అంకె ఆ 69. అయితే అందులో ఇంకో సంగతి కూడా ఉంది. తొలి దశలో ఉన్నవాళ్లను రక్తం అంకెల పోలికలను బట్టి గుంపులు చేస్తే, ఒక గుంపు ఎక్కువకాలం బతకలేదని తేలింది. దశ ఒకటే అయినా రక్తం వేరే మాట చెప్పిందన్నమాట. ఒకే ఆస్పత్రి లెక్క అది, అన్నిచోట్లా నిలబడాలి. కాని దారి ఆసక్తిగా ఉంది.

ఇంతవరకు విని, అయితే ఈ పరీక్ష దేనికి దండగ అనుకోకండి. మా అక్క విషయంలో ఇది రెండుచోట్ల అక్షరాలా దారి చూపింది.

మొదటిది ఆపరేషన్ ఎక్కడ చేయించాలన్నది. అక్కకి 2016 వేసవి నుంచి పొట్ట ఉబ్బరం. రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుండేది. మన ఊళ్లలో దీనికి ఒకటే పేరు: గ్యాస్. అయిదు నెలలు గ్యాస్ బిళ్లలు వాడించారు ఒకచోట. చివరికి చీర కుచ్చిళ్లు నిలవడంలేదని ఆమే విసుక్కుని ఒక లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆ డాక్టర్ గారు స్కానింగ్ చేయించి, సీఏ-125 చేయించి, మా ముందే కాగితం మీద ఒక గుణకారం వేశారు. దాన్ని రిస్క్ ఆఫ్ మాలిగ్నెన్సీ ఇండెక్స్ అంటారు. 1990లో లండన్‌లో ఇయాన్ జేకబ్స్ బృందం ప్రతిపాదించింది. స్కానింగులో అనుమాన లక్షణాలు లేకపోతే 0, ఒకటుంటే 1, రెండు లేదా అంతకంటే ఎక్కువుంటే 3. నెలసరి ఆగిపోకముందు 1, ఆగిపోతే 3. ఈ రెంటినీ సీఏ-125 అంకెతో గుణించాలి. 200 దాటితే అనుమానం గట్టిదే. అక్క సీఏ-125 1,840. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది పెట్టి గుణిస్తే 16,560. ఆవిడ పెన్ను కింద పెట్టి, "అమ్మా, ఇది నేను ముట్టుకోవలసిన కేసు కాదు. హైదరాబాద్‌లో క్యాన్సర్ సర్జన్ దగ్గరికే వెళ్లండి. దారిలో ఎవరైనా సిస్టు తీసేస్తామంటే తీయించుకోకండి" అన్నారు.

ఈ మాట విలువ నాకు తర్వాత తెలిసింది. ఈ జబ్బులో ముందు ముందు ఏమవుతుందో నిర్ణయించే వాటిలో ముఖ్యమైనది ఆపరేషన్ తర్వాత కడుపులో కంటికి కనిపించే గడ్డ ఎంత మిగిలింది అన్నది. ఏమీ మిగలకుండా తీయగలిగితే ఆయుష్షు ఎక్కువ. ఆ పని అందులో ఆరితేరినవాళ్లే చేయగలరు. సిస్టు అనుకుని పొట్ట తెరిచి, తీరా చూసి భయపడి మూసేస్తే రోగి నష్టపోతుంది. రక్తం అంకె, స్కాను, వయసు మూడూ కలిసి "ఎవరి దగ్గరికి వెళ్లాలి" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాయి. ఇప్పుడు హెచ్‌ఈ4 అనే ఇంకో మార్కర్ కూడా వచ్చింది. అది ఎండోమెట్రియోసిస్‌లో సాధారణంగా పెరగదు కాబట్టి సీఏ-125 చేసే గోలను కొంత తగ్గిస్తుంది. కిడ్నీలు సరిగా లేకపోతే మాత్రం అదీ పెరుగుతుంది. రెండూ కలిపి లెక్కవేసే దాన్ని రోమా అంటారు. దాని పని కూడా ఇదే: ఆపరేషన్‌కి ముందు రోగిని సరైన చేతుల్లో పెట్టడం.

రెండోది మందు పనిచేస్తోందా లేదా అన్నది. అక్కకి మూడో దశ. ముందు మూడు కీమోలు, తర్వాత ఆపరేషన్, మళ్లీ మూడు కీమోలు అన్నారు. ప్రతి మూడు వారాలకీ సీఏ-125. 1,840 నుంచి 1,105. తర్వాత 410. తర్వాత 128. నేను లాగరిథమ్ గ్రాఫు కాగితం కొని ఆ నాలుగు చుక్కలూ పెట్టాను. మొదటి చుక్క కాస్త బద్ధకించినా మిగతావి దాదాపు ఒకే గీత మీదికి వచ్చాయి. మొత్తం మీద పదహారు రోజులకోసారి సగమవుతోంది. లెక్కల మాస్టారూ, మీరు తొమ్మిదో తరగతిలో లాగ్ టేబుళ్ల పుస్తకం మా నెత్తిన రుద్దినప్పుడు ఇది దేనికి పనికొస్తుంది సార్ అని వెనక బెంచీలోంచి అడిగింది నేనే. మీరు అప్పుడు జవాబు చెప్పలేదు, చెవి మెలేశారు.

నేను ఇంట్లో గీసుకున్న ఈ గీతకే ఫ్రాన్స్‌లో లియోన్ నగరంలో డాక్టర్ బెన్వా యూ బృందం పక్కా గణితం తయారుచేసింది. కెలిమ్ అంటారు. కీమో మొదలైన తొలి 100 రోజుల్లో కనీసం మూడు సీఏ-125 అంకెలుంటే, రక్తంలోంచి అది ఎంత వేగంగా తొలగిపోతోందో లెక్కగట్టి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె 1, లేదా అంతకంటే ఎక్కువైతే మందుకి జబ్బు బాగా లొంగుతోందని, తక్కువైతే మొండిదని సూచన. వేల మంది రోగుల మీద సరిచూశారు. చూడండి, మొదటి రోజు 1,840 అన్నది భవిష్యత్తు గురించి అంతగా చెప్పలేదు. ఆ అంకె ఎంత వాలుగా దిగిందో అది చెప్పింది. మా నూనె రిపోర్టుల్లో కూడా సరిగ్గా ఇదే.

ఖర్చులేని సూచిక ఇంకొకటి ఉంది, అందరూ చూసీ చూడనట్టు వదిలేసేది. సీబీపీలో ప్లేట్‌లెట్ల సంఖ్య. డెంగీ పుణ్యమా అని మన జిల్లాల్లో ప్లేట్‌లెట్ అంటే తెలియని ఇల్లు లేదు. తగ్గితే భయపడతాం, ఎక్కువుంటే సంతోషిస్తాం. కానీ అండాశయ క్యాన్సర్‌లో అవి నాలుగున్నర లక్షలు దాటడం మంచి గుర్తు కాదు. 2012లో అమెరికాలో 619 మంది రోగులను చూస్తే 31 శాతం మందికి అలా ఉంది. వాళ్లలో జబ్బు ముదిరి ఉండడం, ఆయుష్షు తగ్గడం ఎక్కువగా కనబడ్డాయి. గడ్డ ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం వదులుతుంది, అది లివర్‌ని తట్టి లేపుతుంది, లివర్ ప్లేట్‌లెట్లను పుట్టించే హార్మోనును పెంచుతుంది. పెరిగిన ప్లేట్‌లెట్లు తిరిగి గడ్డకే సాయం చేస్తాయి. దొంగ తన కాపలాకి మన ఇంటి కుక్కనే మచ్చిక చేసుకున్నట్టు. అయితే ఐరన్ తక్కువైనా, ఒంట్లో ఏ ఇన్‌ఫెక్షన్ ఉన్నా కూడా ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. కాబట్టి దీన్ని కూడా ఒంటరిగా చదవకూడదు.

అక్క చికిత్స 2017 మొదట్లో ముగిసింది. చివరి సీఏ-125 19. ఇక్కడ మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మూడు నెలలకోసారి పరీక్ష చేయించాలని బావగారు, పిల్లలు. అక్కకి ఇష్టంలేదు. ఆమె మాటలు ఇవి: "పరీక్షకి పది రోజుల ముందు నుంచి నాకు నిద్రుండదు, రిపోర్టు వచ్చాక వారం రోజులు మీకు నిద్రుండదు. మూడు నెలల్లో మనం బతికేది ఎన్ని రోజులు?"

నేను దీని గురించి చదివాను. బ్రిటన్‌లో, యూరప్‌లో గోర్డన్ రస్టిన్ అనే డాక్టర్ నాయకత్వంలో జరిగిన పరీక్షా ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మొదటి చికిత్స ముగిసి కోలుకున్న 1,442 మందిని నమోదు చేసుకున్నారు. వాళ్లకు క్రమంగా సీఏ-125 చేశారు కానీ ఆ అంకె రోగికీ డాక్టర్‌కీ చెప్పలేదు. అది హద్దుకు రెట్టింపు దాటినవాళ్లలో 529 మందిని రెండుగా చేశారు. సగం మందికి అంకె చూసి వెంటనే కీమో. మిగతా సగానికి బాధలు మొదలయ్యాకే కీమో. మొదటివాళ్లకు కీమో దాదాపు అయిదు నెలలు ముందే మొదలైంది. ఆయుష్షు? మధ్యస్థ విలువ మొదటివాళ్లకు 25.7 నెలలు, రెండోవాళ్లకు 27.1 నెలలు. తేడా లేనట్టే. ముందే మొదలుపెట్టినవాళ్లకు మాత్రం కీమో బాధలు ముందే మొదలయ్యాయి.

ఇది చదివి నేను రెండు రోజులు నమ్మలేదు. అలారం ముందు మోగితే నష్టం తక్కువ అన్నది మా వృత్తిలో మొదటి పాఠం. కానీ అలారం ముందు మోగినా, అప్పుడు చేయగల మరమ్మతు తర్వాత చేసే మరమ్మతు ఒకటే అయితే, మనకు మిగిలేది ఆ అలారం మోత వినడమే. హైదరాబాద్‌లో అక్క డాక్టర్ గారి ముందు ఈ సంగతి పెడితే ఆయన సాంతం విని, "ఆమె ఇష్టం. బాధలేమైనా మొదలైతే మాత్రం ఒక్కరోజు ఆగకూడదు" అన్నారు. అక్క మానేసింది. తర్వాత పదమూడు నెలలు ఆస్పత్రి గడప తొక్కలేదు. మనవరాలికి అక్షరాభ్యాసం చేయించింది, ఒంగోలులో పెళ్లికి వెళ్లింది, ఇక్కడ బడి వార్షికోత్సవానికి వచ్చి ఖోఖో పోటీకి ఈల ఊదింది. ఆ ఫోటో ఈ సంచికలో ఉంది. 2018లో మళ్లీ పొట్ట ఉబ్బరం, మళ్లీ వైద్యం. రెండేళ్లు నడిచింది.

ఇప్పుడు కొత్త మాత్రలు వచ్చాయి, రెండోసారి ఆపరేషన్ కూడా కొందరికి మేలు చేస్తోంది. కాబట్టి ముందు తెలుసుకోవడం వల్ల ఉపయోగం ఉండే రోగులు ఈరోజు ఉండవచ్చు. ఎవరైనా ఈ స్థితిలో ఉంటే మీ డాక్టర్‌ని అడగవలసిన ప్రశ్న ఒకటే: "అంకె పెరిగిందని తెలిస్తే మీరు ఈరోజు ఏం మారుస్తారు?"

ఇక ఈ హాల్లో ఉన్న అక్కచెల్లెళ్ల సంగతి. ఈమధ్య హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో సీఏ-125 కలిపి అమ్ముతున్నారు. చిన్న లెక్క చెబుతాను. యాభై దాటిన, ఏ బాధా లేని 10,000 మంది ఆడవాళ్లను తీసుకోండి. పాశ్చాత్య దేశాల లెక్క ప్రకారం వాళ్లలో ఈ జబ్బు ఉండేది నలుగురికి. మన దగ్గర ఇంకా తక్కువ. అందరికీ పరీక్ష చేస్తే ఆ నలుగురిలో మహా అయితే ముగ్గురు దొరుకుతారు. ఏ జబ్బూ లేని వాళ్లలో 1 శాతం, అంటే వంద మందికి గీత దాటుతుంది. 103 మంది ఇళ్లలో భయం, ముగ్గురికి జబ్బు. అమెరికాలో చేసిన పెద్ద స్క్రీనింగ్ పరీక్షలో ఇలా లేని జబ్బు ఉందనిపించుకున్నవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ జరిగింది, 163 మందికి ఆ ఆపరేషన్ వల్ల తీవ్రమైన చిక్కులొచ్చాయి. జబ్బు లేని ఆడవాళ్లకు!

బ్రిటన్ వాళ్లు ఇంకా తెలివిగా చేశారు. 2001 నుంచి 2005 దాకా రెండు లక్షల పైచిలుకు మందిని చేర్చుకుని, ఒక గుంపుకి ఏటేటా సీఏ-125 చేసి, 35 గీత వదిలేసి, ఎవరి అంకె వాళ్ల పాత అంకెతో పోల్చి చూశారు. మా నూనె పద్ధతే. తొలి దశల్లో దొరికినవాళ్లు పెరిగారు, ముదిరిన దశల్లో దొరికినవాళ్లు పదిశాతం తగ్గారు. అయినా 2021లో తుది లెక్క తీస్తే మరణాలు తగ్గలేదు. దశ మారింది, ప్రాణం నిలవలేదు. ఎందుకో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. బాధలేవీ లేనివాళ్లు ప్యాకేజీలో ఈ పరీక్ష కొనుక్కోవలసిన పనిలేదన్నది మాత్రం తేలింది.

బాధలుంటే వేరే సంగతి. యాభై దాటాక కొత్తగా మొదలై, వదలకుండా ఉండే పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం. ఇవి నెలలో పన్నెండు సార్లకు మించి వస్తుంటే సీఏ-125 చేయాలని, 35 దాటితే స్కానింగ్ తీయాలని బ్రిటన్‌లో 2011లో ప్రభుత్వ మార్గదర్శకం వచ్చింది. ఆ వయసులో "గ్యాస్" అన్న మాటతో నెలల తరబడి సరిపెట్టుకోకండి. నార్మల్ వచ్చినా బాధ తగ్గకపోతే మళ్లీ వెళ్లండి.

చివరగా ఇంకో నెత్తురు పరీక్ష. ఇది మగవాళ్లు కూడా వినాలి. అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఏడెనిమిది మందిలో ఒకరికి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. బీఆర్‌సీఏ1 లోపం ఉన్న స్త్రీకి 80 ఏళ్లు వచ్చేలోగా ఈ జబ్బు వచ్చే అవకాశం నూటికి 44 వరకు ఉంటుందని పెద్ద పరిశోధన తేల్చింది. ఇది జీవితంలో ఒక్కసారి చేసే పరీక్ష, వారం వారం మారే అంకె కాదు. దీనికి చేయగలిగింది కూడా ఉంది: పిల్లలు పుట్టాక, 35, 40 ఏళ్ల మధ్య అండవాహికలు, అండాశయాలు తీయించుకుంటే ముప్పు బాగా తగ్గిపోతుంది. ఈ జబ్బులో ఎక్కువ భాగం అసలు మొదలయ్యేది అండవాహికల్లోనే అని ఇప్పుడు తెలిసింది. మనవాళ్లు చాలామంది ఇది ఆడవాళ్ల వైపు నుంచే వస్తుందనుకుంటారు. తండ్రి నుంచి కూడా సరిగ్గా అంతే, సగానికి సగం అవకాశం.

అక్కకి 2018లో ఈ పరీక్ష చేశారు. బీఆర్‌సీఏ1 లోపం ఉంది. మేం ముగ్గురం తోడబుట్టినవాళ్లం. తమ్ముడికి లేదు. నాకు ఉంది. మా అమ్మాయికి ఇరవై ఆరేళ్లు. ఈ మాట ఇక్కడ చెప్పమని తనే అంది, అందుకే చెబుతున్నాను. తను ఇంకా పరీక్ష చేయించుకోలేదు. కౌన్సెలింగ్‌కి రెండుసార్లు వెళ్లొచ్చింది. సంబంధాలు చూస్తున్న రోజులు, ఆ కాగితం చేతిలో ఉంటే అవతలివాళ్లకు చెప్పాలా వద్దా అని అడిగింది. నేను, వాళ్లమ్మ చెరొక జవాబు చెప్పాం. ముప్పై ఏళ్లు రాకముందు నిర్ణయించుకుంటానంది. మేం తొందరపెట్టడం లేదు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. డాక్టరమ్మ భోజనాల తర్వాత పాత తొమ్మిదో తరగతి గదిలో కూర్చుంటుంది. ఆడవాళ్లు ఎవరికైనా అడగాల్సినవి ఉంటే వెళ్లండి, పాత రిపోర్టులు ఫోన్‌లో ఉన్నా చూపించవచ్చు. నాకేమైనా ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.